గొంతు బొంగురుపోతే ముందు స్వరతంత్రులను చూపించుకోండి

సంక్రాంతి దాటగానే అమలాపురంలో నా దగ్గరికి బొంగురు గొంతులతో వచ్చేవారు పెరుగుతారు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో దేవుడి ప్రభను భుజాన మోస్తూ ‘అశరభ శరభ’ అని గొంతు చించుకున్న యువకులు, దసరా నుంచీ పద్యాలు పాడుతూనే ఉన్న నాటక కళాకారులు, కిక్కిరిసిన తరగతుల్లో రోజంతా గొంతెత్తే టీచర్లు. ‘స్వరతంత్రి మీద కండ పెరిగిందట, క్యాన్సరేమో’ అని వణికిపోతూ వస్తారు. స్పీచ్ థెరపిస్టుగా వారికి నేను మొదట చెప్పేది ఒకటే: అది ఏ రకమో తేలకుండా మందులు గానీ మౌనం గానీ ఆపరేషన్ గానీ మొదలుపెట్టకండి.

గొంతులో కంపించి స్వరాన్ని పుట్టించే రెండు మడతలే స్వరతంత్రులు. మాట్లాడేటప్పుడు మగవారివి సెకనుకు సుమారు 100 సార్లు, ఆడవారివి 200 సార్లు ఒకదానికొకటి తాకుతాయి. అరిస్తే ఆ తాకిడి మరింత బలంగా ఉంటుంది. రోజూ అదే దెబ్బ పడితే, కొబ్బరికాయలు వలిచే చేతికి కాయలు కాసినట్టు, రెండు తంత్రుల మీదా ఎదురెదురుగా చిన్న బుడిపెలు లేస్తాయి. ఇవే నాడ్యూల్స్. టీచర్లు, గాయనులు, కేకలు వేసే పిల్లల్లో ఎక్కువ. గొంతు నెలల తరబడి మెల్లగా పాడవుతుంది. చాలామందిలో ఉదయం కాస్త తేటగా ఉండి, సాయంత్రానికి గాలి కలిసినట్టు వినిపిస్తుంది.

పాలిప్ తీరు వేరు. ఒక్క పూట అరుపులకే తంత్రిలోని సన్నని రక్తనాళం చిట్లి, అక్కడే బుడిపెగా మారవచ్చు. సాధారణంగా ఒకవైపే వస్తుంది. గొంతు ఏ రోజు పోయిందో తేదీతో సహా చెప్పగలిగినవారిలో నేను ముందు దీన్నే అనుమానిస్తాను.

సిస్ట్ అంటే తంత్రి పొర కింద ఏర్పడే తిత్తి. జిగురు గ్రంథి మూసుకుపోవడం ఒక కారణం. పైకి నాడ్యూల్‌లా కనిపించినా సాధనతో కరగదు. లంక పొగాకు చుట్టలు ఏళ్ల తరబడి కాల్చినవారికి రెండు తంత్రులూ నీరు పట్టినట్టు ఉబ్బి, ఆడవారి గొంతు కూడా ఫోనులో మగగొంతులా వినిపిస్తుంది. చుట్ట మానకుండా ఏ వైద్యమూ నిలవదు. గ్రాన్యులోమా అనే బుడిపె తంత్రుల వెనుక భాగంలో వస్తుంది. పులితేన్పులు, పదేపదే గొంతు సవరించుకోవడం, మత్తు ఇచ్చినప్పుడు వేసిన శ్వాసగొట్టం దానికి కారణాలు. పులిపిరిలా మొలిచే పాపిలోమా హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుంది, పిల్లలకూ రావచ్చు, తీసినా మళ్లీ మొలిచే అవకాశం ఉంది.

ఇంట్లో ఒక పరీక్ష చేయవచ్చు. బాగా తెలిసిన లాలిపాట పల్లవిని పై స్థాయిలో, నిద్రపోయే బిడ్డ లేవనంత మెల్లగా పాడండి. స్వరం ఆలస్యంగా పలికినా, మధ్యలో గాలిగా తేలిపోయినా తంత్రులు వాచి ఉండవచ్చు. గట్టిగా పాడితే ఈ లోపం దాగిపోతుంది.

బొంగురు నాలుగు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించండి. పొగతాగేవారు, కఫంలో రక్తం, మెడలో గడ్డ, మింగడంలో ఇబ్బంది ఉన్నవారు అంతవరకూ ఆగవద్దు. ఆయాసం ఉంటే ఆ రోజే వెళ్లండి. గొంతు విని క్యాన్సర్ కాదని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. సన్నని గొట్టాన్ని ముక్కులోంచి పంపి చూడటానికి కొద్ది నిమిషాలు చాలు. మినుకుమినుకుమనే కాంతితో తంత్రులను చూసే స్ట్రోబోస్కోపీ పరీక్ష ఉన్నచోట చేయించుకుంటే తంత్రి కదలిక నెమ్మదిగా కనిపించి, సిస్టో నాడ్యూలో తెలుసుకోవడం తేలికవుతుంది.

నాడ్యూల్స్ అయితే కత్తి గురించి తొందరపడకండి. గొంతు వాడే పద్ధతి మార్చుకుంటే చాలామందికి తగ్గిపోతాయి. గ్లాసులో రెండంగుళాల నీళ్లు పోసి, స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా ‘ఊ’ అంటూ రెండు మూడు నిమిషాలు, రోజుకు కొన్నిసార్లు చేయండి. తరగతిలో కేక బదులు చప్పట్లు కొట్టండి. గొంతు సవరించుకోవాలనిపిస్తే ఒక గుక్క నీళ్లు తాగండి. గుసగుసలు విశ్రాంతి కాదు, చాలామందిలో అవి గొంతును ఇంకా బిగిస్తాయి. కరక్కాయ, మిరియాల పాలు హాయిగా ఉంటే తీసుకోండి. మింగినది ఆహారనాళంలోకి పోతుంది గనుక బుడిపెను కరిగించదు.

సిస్ట్‌కు, తగ్గని పాలిప్‌కు సాధారణంగా సూక్ష్మ శస్త్రచికిత్స అవసరమవుతుంది. తరువాత కొన్ని రోజులు మౌనం, ఆపైన మళ్లీ స్ట్రా సాధన. వైద్యుడి దగ్గరికి వెళ్లేముందు ఉదయం, సాయంత్రం మీ గొంతును ఫోనులో రికార్డు చేసి తీసుకువెళ్లండి. గతంలో మత్తు ఇచ్చి చేసిన ఆపరేషన్లు, వాడే ఇన్‌హేలర్లు, మందులు కాగితం మీద రాసుకోండి.