చరిత్ర చదవడం నేర్చుకుందాం, 5వ పాఠం: ‘వచ్చాడు’ అన్న చోట ‘ఎవరిచ్చారు’ అని అడగడం

గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు అందిన జవాబులు చదివాక, ఈ వారం మొదలుపెట్టవలసిన ప్రచార యంత్రాంగం పాఠాన్ని వాయిదా వేయక తప్పలేదు. హిట్లర్ ప్రభుత్వాధినేత ఎలా అయ్యాడో మూడు వాక్యాల్లో రాయమంటే, ఎక్కువమంది మాంద్యం వచ్చిందనీ, జనం విసిగిపోయారనీ, 1933 ఎన్నికల్లో మెజారిటీ సాధించి హిట్లర్ అధికారంలోకి వచ్చాడనీ రాశారు. మొదటి రెండు వాక్యాలతో నాకు పేచీ లేదు. మూడవది తప్పు, అది సరిదిద్దకుండా ముందుకు వెళితే తర్వాతి పాఠాలన్నీ ఆ తప్పు మీదే నిలబడతాయి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ మీద రుద్దిన వెర్సాయ్ సంధి, 1923 నాటి ద్రవ్యోల్బణం మీకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. ఓట్ల పట్టికను మాత్రం ఈసారి తేదీలతో కలిపి చదవండి. నాజీ పార్టీకి 1928లో 2.6 శాతం ఓట్లు, 12 స్థానాలు. 1930 సెప్టెంబరులో 18.3 శాతం, 107 స్థానాలు. 1932 జులైలో 37.3 శాతం, 608కి 230 స్థానాలు వచ్చాయి. అదే ఏడాది నవంబరులో మళ్ళీ ఎన్నికలు జరిగితే ఓట్లు 1 కోటి 37 లక్షల నుంచి 1 కోటి 17 లక్షలకు పడిపోయి, 584కి 196 స్థానాలే మిగిలాయి. హిట్లర్ ఛాన్సలరుగా, అంటే ప్రభుత్వాధినేతగా నియమితుడైంది 1933 జనవరి 30న. మీరు చెప్పిన ఎన్నికలు జరిగింది మార్చి 5న, అంటే పోలీసు యంత్రాంగంలో అధిక భాగం అప్పటికే నాజీల చేతికి చిక్కాక. అప్పుడు కూడా ఆ పార్టీకి దక్కింది 43.9 శాతమే.

మెజారిటీ లేకపోయినా అతిపెద్ద పార్టీ కాబట్టి పిలవక తప్పదు కదా అని కొందరు వాదించారు. గవర్నరు ఎవరిని పిలుస్తారా అని ఎదురుచూసే మన అలవాటులోంచి పుట్టిన వాదన ఇది. జర్మనీలో జరిగింది దీనికి విరుద్ధం. 230 స్థానాలున్న హిట్లర్ 1932 ఆగస్టు 13న ఛాన్సలర్ పదవి అడిగితే అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ మొహం మీదే కాదన్నాడు. అయిదున్నర నెలల తర్వాత, 196 స్థానాలకు తగ్గినవాడికి అదే హిండెన్‌బర్గ్ ఆ పదవి ఇచ్చాడు. ఎక్కువ ఓట్లున్నప్పుడు దొరకనిది తక్కువ ఓట్లున్నప్పుడు దొరికిందంటే, జవాబు ఓట్ల పట్టికలో లేదన్నమాట.

ఇక నన్ను ఏళ్ళుగా బాధపెడుతున్న మాట దగ్గరికి వస్తాను. ‘అధికారంలోకి వచ్చాడు’ అనే వాక్యంలో వచ్చినవాడు ఒక్కడే కనిపిస్తాడు. తలుపు తీసినవాడు, దారి చూపినవాడు, కుర్చీ జరిపినవాడు ఎవరూ కనిపించరు. ‘పగ్గాలు చేపట్టాడు’ అన్నా, ‘గద్దెనెక్కాడు’ అన్నా ఇంతే. నేను చదివేటప్పుడు ఇలాంటి క్రియ కింద పెన్సిలుతో గీత గీసి, పక్కన ‘ఎవరిచ్చారు? ఏ కాగితం మీద? సంతకం ఎవరిది?’ అని రాసుకుంటాను. మీరూ అలాగే చేయండి.

ఈ మూడు ప్రశ్నలతో జనవరి 30ని చదివితే బొమ్మ మారిపోతుంది. అప్పటి జర్మనీ రాజ్యాంగమైన వైమర్ రాజ్యాంగం 48వ అధికరణం అధ్యక్షుడికి అత్యవసర ఆదేశాలు జారీ చేసే అధికారమిచ్చింది. 1930లో బ్రూనింగ్ ఛాన్సలర్ అయిన నాటి నుంచి పరిపాలన క్రమంగా దాని మీదికి ఒరిగి, 1932 నాటికి పార్లమెంటు 5 చట్టాలు చేస్తే అధ్యక్షుడి ఆదేశాలు 66 వెలువడ్డాయి. పార్లమెంటు మద్దతు కంటే ఒక వృద్ధుడి సంతకం విలువైనదిగా మారిన ఆ వ్యవస్థలో, ఆయన చెవి దగ్గర ఉన్నవాళ్ళే అసలు బలవంతులు. వాళ్ళలో ఒకడు, ఛాన్సలర్ పదవి పోగొట్టుకున్న పాపెన్, తన స్థానంలోకి వచ్చిన ష్లైషర్‌ను దించాలన్న పట్టుదలతో 1933 జనవరి 4న కొలోన్‌లో ఒక బ్యాంకరు ఇంట్లో హిట్లర్‌ను కలిశాడు. మంత్రివర్గంలో హిట్లర్ కాక ఇద్దరే నాజీలు ఉంటారు, ఉపఛాన్సలరుగా తాను పక్కనే ఉంటాడు కాబట్టి అతన్ని అదుపులో పెట్టవచ్చన్నది పాపెన్ లెక్క. ఆ ఇద్దరిలో ఫ్రిక్‌కు దేశ హోం శాఖ, గోరింగ్‌కు జర్మనీలో అతిపెద్ద రాష్ట్రమైన ప్రష్యా హోం శాఖ దక్కాయి. పోలీసులు ఎవరి మాట వింటారన్నది ఆ లెక్కలో లేదు.

పార్లమెంటు భవనం తగలబడిన మర్నాడు, ఫిబ్రవరి 28న, పౌరహక్కులను నిలిపివేసిన ఆదేశం కింద కూడా హిండెన్‌బర్గ్ సంతకమే ఉంది.

పార్లమెంటు ప్రమేయం లేకుండా చట్టాలు చేసే అధికారాన్ని హిట్లర్ ప్రభుత్వానికిచ్చిన మార్చి 23 నాటి అధికారాల బదిలీ చట్టం గురించి మరో పొరపాటు కనిపించింది: కమ్యూనిస్టులను రానివ్వకపోవడం వల్లే అది నెగ్గిందని. లెక్క వేసి చూడండి. సభలో 647 స్థానాలు; అందరూ హాజరైనా మూడింట రెండు వంతులకు 432 చాలు. చట్టానికి పడినవి 444. వ్యతిరేకంగా ఓటు వేసినవారు 94 మంది, అందరూ సోషల్ డెమోక్రాట్లే. నాజీలకూ వారి మిత్రపక్షానికీ కలిపి ఉన్నవి 340 మాత్రమే కాబట్టి, మిగిలిన ఓట్లు ఇచ్చినవాళ్ళను వెతకాలి. వాళ్ళలో ప్రధానమైనది క్యాథలిక్కుల సెంటర్ పార్టీ. క్రోల్ ఒపేరా హౌస్‌లో సభ జరుగుతుంటే నాజీల గోధుమరంగు చొక్కాల దళాలు లోపలా బయటా నిలబడి ఉన్నాయి. ఆ స్థితిలో సోషల్ డెమోక్రాట్ల నాయకుడు ఒట్టో వెల్స్ లేచి, తమ పార్టీ ఈ చట్టాన్ని ఎందుకు తిరస్కరిస్తున్నదో చెప్పాడు. ఆయన ప్రసంగం దొరికితే తప్పక చదవండి.

అయితే, జనానికి ఇందులో పాత్రే లేదని మాత్రం రాయకండి. ఆ కోటికి పైగా ఓట్లే లేకపోతే బేరం ఆడటానికి హిట్లర్‌ను ఎవరూ పిలిచేవారు కాదు.

అభ్యాసం: ఇదే పద్ధతిలో ఇటలీ గురించి పదిహేను వాక్యాలు రాయండి. 1921 ఎన్నికల్లో 535 స్థానాలకు ఫాసిస్టులు గెలిచినవి సుమారు 35. 1922 అక్టోబరు 28న రోమ్ మీదికి కదిలిన ఫాసిస్టులను ఆపడానికి ప్రధాని ఫాక్టా సిద్ధం చేసిన సైనిక శాసనం మీద రాజు మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టలేదు. ముస్సోలినీ మిలాన్ నుంచి రాత్రి రైలెక్కి 30వ తేదీన రోమ్‌లో దిగాడు. పెట్టని సంతకం కూడా సంతకం లాగే పనిచేస్తుందా అన్నది మీ వాక్యాల్లో తేలాలి. 25 శాతం ఓట్లు దాటి మొదటి స్థానంలో నిలిచిన జాబితాకు మూడింట రెండు వంతుల స్థానాలు ఇచ్చిన 1923 నాటి అచెర్బో చట్టం ప్రకారం ఎన్ని స్థానాలు దక్కుతాయో లెక్క కట్టి, ఆ చట్టానికి ఓటు వేసినవాళ్ళలో ఫాసిస్టులు కానివారు ఎవరో వెతికి రాయండి. ‘వచ్చాడు’, ‘గెలిచాడు’, ‘చేజిక్కించుకున్నాడు’ అనే మూడు క్రియలూ మీ జవాబులో ఎక్కడా కనిపించకూడదు.