చిన్న పిల్లలతో సిటీ వదిలి వ్యవసాయం చేస్కుంటూ ఉండాలంటే ఊరు ఎట్ల చూస్కోవాలె

హైదరాబాద్ సిటీలో రెంటు, స్కూల్ ఫీజు, పెట్రోల్ ఖర్చు కలిపి లెక్కేసుకున్న ప్రతి ఇంట్లో ఒక్కసారన్నా వచ్చే మాటే ఇది, ఎక్కడన్నా ఎకరమో రెండెకరాలో తీస్కొని పోదాం, పిల్లలు మట్టిలో పెరుగుతరు అని. అక్కడిదాకా బానే ఉంటది. ఆ తర్వాత చాలామంది యూట్యూబ్‌లో ల్యాండ్ వీడియోలు పెట్టుకొని ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) నుంచి ఎన్ని కిలోమీటర్లు, ఎకరం ఎంత, ఈ రెండే చూస్తరు. వీకెండ్‌కి పోయొచ్చే ఫార్మ్‌హౌస్ కావాలంటే ఆ లెక్క సరిపోతది, కాపురం పెట్టేటోళ్లకు సరిపోదు. హైదరాబాద్‌తో మీకు పని నెలకు రెండుమూడు సార్లు పడొచ్చు, కానీ రాత్రి పదింటికి పాపకు జ్వరమొస్తే ఉరికేది పక్కన ఉన్న చిన్న టౌన్‌కే, గ్యాస్ సిలిండర్‌కి, యూరియా బస్తాకి, పిల్లల షూస్‌కి అన్నిటికీ ఆ టౌనే. అందుకే ముందు టౌన్ ఎంచుకోండి, తర్వాత ఆ టౌన్‌కి పది పదిహేను కిలోమీటర్ల లోపల ఊరు, ఆ తర్వాతే భూమి.

ఓఆర్ఆర్ లోపల, దాన్ని ఆనుకొని ఎకరం కోట్లల్లోనే నడుస్తది, జీతం మీద బతికేటోళ్లు ఆ ఏరియాని మర్చిపోవడమే మంచిది. దాన్ని దాటి చూస్తే నా లెక్కలో వికారాబాద్ పైన ఉంటది, సిటీకి దాదాపు 75 కిలోమీటర్లు, రైల్వే జంక్షన్ ఉంది, గవర్నమెంట్ మెడికల్ కాలేజీ ఉంది, అటు తాండూరు దాకా నల్లరేగడి నేలల్లో కంది బాగా వస్తది, తాండూరు కందికి 2022లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. కాకపోతే అనంతగిరి గుట్టల పేరు చెప్పి రిసార్టులు, వెంచర్లు దిగిపోయినయి, ఆ గుట్ట చుట్టూ రేటు గట్టిగనే చెప్తరు, మోమిన్‌పేట, మర్పల్లి, ధారూర్ వైపు కూడా అడిగి చూడండి. జహీరాబాద్ వంద కిలోమీటర్లు దాటుతది గానీ ఆ ఎర్రనేలల్లో అల్లం, ఆలుగడ్డ, చెరకు పండించే రైతులు పక్కనే ఉంటరు, కొత్తగా వ్యవసాయం నేర్చుకునేటోళ్లకు అది పెద్ద ప్లస్సు, అక్కడ న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో మాత్రం నిమ్జ్ అనే పెద్ద ఇండస్ట్రీల జోన్ కోసం భూసేకరణ ఉంది కాబట్టి సర్వే నంబర్ చూస్కొని ముందుకు పోవాలె.

కూరగాయలు వేద్దామనుకుంటే కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి వైపు, గజ్వేల్ సిద్దిపేట మధ్యన చూడండి. ఒంటిమామిడిలో కూరగాయల మార్కెట్ ఉంది, గజ్వేల్ దగ్గరి ములుగులో హార్టికల్చర్ యూనివర్సిటీ ఉంది, కొండపోచమ్మ సాగర్ రిజర్వాయర్ 2020లో నింపినరు, సిద్దిపేటకు 2023 అక్టోబర్ నుంచి రైలు కూడా తిరుగుతుంది. ఇన్ని ఉన్నయి కాబట్టి రేటు కూడా ఉంటది, అది వేరే ముచ్చట. వరంగల్ హైవే మీద జనగామ కూడా లిస్ట్‌లో పెట్టుకోండి, రైలు ఉంది, మెడికల్ కాలేజీ ఉంది. షాద్‌నగర్‌కి రైలు, హైవే రెండూ ఉన్నయి గానీ కోళ్ల ఫారాలు, ఫ్యాక్టరీలు ఎక్కువ, జడ్చర్ల దాటి పాలమూరు వైపు పోయేకొద్దీ వాన తక్కువ. ఇవన్నీ తిరగాల్సిన పనిలేదు, రెండు టౌన్లు పెట్టుకొని వాటి చుట్టే తిరిగితే అసలు విషయాలు తెలుస్తయి.

ఇప్పుడు నీళ్లు. దీని మీద ఎంత టైం పెడితే అంత మంచిది. ఆగస్టులో ఏ భూమైనా పచ్చగా కనిపిస్తది, అమ్మేటోళ్లు కూడా అప్పుడే రమ్మంటరు. మీరు ఏప్రిల్ ఆఖర్లో గానీ మే నెలలో గానీ పోండి. బోరు ఆన్ చేయించి పది నిమిషాలు చూసి రావడం కాదు, పొద్దున ఏడింటికి ఆన్ చేసి పదకొండు దాకా అక్కడే చెట్టు కింద కూర్చోండి, మొదట రెండు ఇంచులు పోసి గంట తర్వాత ఆగి ఆగి పోస్తే ఆ బోరు మీద ఆశ పెట్టుకోవద్దు. ఓనర్‌ని కాదు, పక్క పొలమాయనను అడగండి, మీ బోరు ఎన్ని ఫీట్లు, ఎండాకాలం ఎన్ని గంటలు పోస్తది, ఈ చుట్టూ ఎన్ని బోర్లు ఫెయిల్ అయినయి అని. ఊర్లో వరి ఎంత వేస్తున్నరో చూడండి, యాసంగిలో (రబీలో) కూడా మడి తడుస్తుంటే నీళ్లున్నట్టు. అందరూ పత్తి, కందే వేసి ఊరుకుంటున్నరంటే వానల మీదనే ఆధారం అని అర్థం చేస్కోవాలె. కొత్త బోరు వేసుకుందాంలే అనుకుంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం పర్మిషన్ తీస్కోవాలె, పక్కోళ్ల బోరుకు దగ్గరగా వేస్తే గొడవ గ్యారంటీ.

తాగే నీళ్లు ఇంకో లెక్క. మునుగోడు, మర్రిగూడ, చౌటుప్పల్ వైపు భూగర్భ నీళ్లల్లో ఫ్లోరైడ్ సమస్య దశాబ్దాల నుంచి ఉన్నదే, ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా వస్తుంది కాబట్టి అది పెద్దలకూ పిల్లలకూ తాగడానికి వాడుకోవచ్చు, కానీ నల్లా ఊర్లోకి వస్తది, పొలం కాడి ఇంటికి రాదు. అందుకే ఏ ఏరియా అయినా బోరు నీళ్లు ల్యాబ్‌లో టెస్ట్ చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉంటే చిన్న పిల్లలున్న ఇంటికి ఆ బోరు తాగడానికి పనికిరాదు, పళ్లూ ఎముకలూ దెబ్బతింటయి. అట్లనే పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం చుట్టు ఇండస్ట్రీల నీళ్లు చెరువుల్లో కలిసిన ఊర్లు, సిటీ దాటినంక మూసీ కింద వరి పండించే ఊర్లు, చవకగా వస్తున్నయని కూడా తీస్కోవద్దు. రాత్రి ఒకసారి ఆ ఊర్లో పడుకుంటే కెమికల్ వాసన ఉందా, కోళ్ల ఫారం ఈగలు ఎంత ఉన్నయి అన్నీ తెలిసిపోతయి, పగలు తెల్వదు.

స్కూల్ విషయంలో చాలామంది ఒకటి గమనించరు. గురుకులాలు 5వ క్లాస్ నుంచి, నవోదయ, మోడల్ స్కూల్ 6 నుంచి మొదలైతయి. అంటే మీ పిల్లలకు ఇప్పుడు మూడేళ్లో ఐదేళ్లో ఉంటే ఇంకో ఐదు నుంచి ఎనిమిదేళ్లు ఊర్లో ప్రైమరీ స్కూలో టౌన్‌లో ప్రైవేట్ స్కూలో, అంతే. ఊరి బడికి పోయి ఎంతమంది పిల్లలు, ఎంతమంది సార్లు ఉన్నరో చూడండి, ఐదు క్లాసులకు ఒక్క టీచరే ఉన్న బడులు చాలా ఉన్నయి, ఆ టీచరు ఎంత మంచిదైనా పాపం ఏం చేస్తది. ప్రైవేట్ బస్సు వస్తది అని చెప్తే, ఊరి మొదట్లోకి వస్తదా, పొలం దాకా వస్తదా, పొద్దున ఎన్నింటికి ఎక్కించుకుంటది అడగండి. ఏడింటికి ఎక్కి ఐదింటికి దిగే ఎల్‌కేజీ పాప మట్టిలో ఎప్పుడు ఆడుతది చెప్పండి, దానికోసమే కదా పోయింది.

ఆస్పత్రి లెక్కకొస్తే టీకాలకు సబ్ సెంటర్, అంగన్‌వాడీ సరిపోతయి. పాము కాటు మందు మాత్రం ఏ ఆస్పత్రిలో రాత్రిపూట కూడా ఉంటదో ఆ ఊరి ఆశా వర్కర్‌ని అడిగి రాసి పెట్టుకోండి. పొలాల కాడ నాగుపాము, రక్తపింజరి, కట్లపాము మూడూ తిరుగుతయి, కట్లపాము రాత్రి ఇంట్లోకొచ్చి కింద పడుకున్నోళ్లను కరుస్తది, అందుకే మంచం, దోమతెర పిల్లలకు తప్పనిసరి. వ్యవసాయ బావికి గోడ లేకుంటే ముందు గోడ కట్టించి తర్వాతే సామాన్లు దింపండి.

కోతుల సంగతి ఏ బ్రోకరూ చెప్పడు. అడవి పక్కన, గుట్ట పక్కన భూమి చూడ్డానికి మస్తు ఉంటది, రేటు కూడా కొంచెం తక్కువ చెప్తరు, కానీ కోతులు, అడవి పందులు కలిసి పల్లి, మక్క, కూరగాయలు ఏవీ మిగలనియ్యవు. ఆ ఊర్లో ఎవరూ పల్లి వేస్తలేరంటే ఎందుకు వేస్తలేరో హోటల్ కాడ ఛాయ్ తాగుతూ అడగండి, అక్కడ దొరికిన సమాచారం ఏ సైట్‌లో దొరకదు.

ఇగ డబ్బులు. నేనైతే మొదటి ఏడాది భూమి కొనొద్దనే చెప్తా. ఊర్లో ఇల్లు కిరాయికి తీస్కోండి, అదే ఊర్లో ఎకరం అరెకరం కౌలుకు తీస్కోండి. కౌలు చాలా వరకు నోటి మాట మీదనే నడుస్తది, అయినా ఎంత, ఎన్నాళ్లు, బోరు మోటరు కాలితే ఎవరు చేయించాలె, ఈ మూడూ నలుగురి ముందు మాట్లాడుకోండి. ఒక వానకాలం, ఒక యాసంగి చూసేసరికి ఊరు మీకు పడుతదా, మీ ఇంటావిడకు పడుతదా, పిల్లలు స్కూల్‌కి నవ్వుకుంటూ పోతున్నరా తెలుస్తది, నచ్చకపోతే సామాన్లు ఆటోలో వేసుకొని పక్క ఊరికి మారొచ్చు, కొన్న భూమిని అట్ల మార్చలేరు. పంట మీద మొదటి రెండేళ్లు ఇల్లు నడవదు, ఒకరి జీతమో వర్క్ ఫ్రమ్ హోమో ఉండాల్సిందే, కాబట్టి ఇంట్లో కూర్చొని వీడియో కాల్ చేసి నెట్ చూడండి. పొలం కరెంట్ ఫ్రీ అని దాన్ని ఇంటికి గుంజుకోవద్దు, ఇంటికి వేరే మీటర్ తీస్కోవాలె. పాడి పెడితే రోజూ పైసలు కనిపిస్తయి గానీ సంక్రాంతికి కూడా అత్తగారింటికి పోలేరు, ఆలోచించుకోండి.

కొనే టైం వచ్చినప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. తెలంగాణలో రైతు కాకున్నా వ్యవసాయ భూమి కొనొచ్చు, రిజిస్ట్రేషన్ ఎంఆర్ఓ ఆఫీస్‌లోనే అయితది. భూ రికార్డుల కోసం 2020లో వచ్చిన ధరణి పోర్టల్ పోయి 2025 ఏప్రిల్ నుంచి భూభారతి నడుస్తుంది, అందులో సర్వే నంబర్ కొట్టి పట్టాదారు పేరు, నిషేధిత జాబితా చూస్కోవచ్చు. అది చూసి ఆగకండి, ఈసీ (భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) తీయండి, పాత పహాణీలు (ఏటా రాసే భూమి రికార్డులు) తీయండి, 1954-55 కాస్రా పహాణీ దాకా పోతే అసలు భూమి ఎవరిదో బయటపడుతది. అసైన్డ్ భూమి (గవర్నమెంట్ పేదలకిచ్చింది), వక్ఫ్, భూదాన్ (దానంగా ఇచ్చింది), చెరువు శిఖం (చెరువు నీళ్ల కిందికొచ్చేది), 38-ఈ సెక్షన్ కింద హక్కున్న రక్షిత కౌలుదారుల భూమి, వీటిల్లో ఏది తగిలినా రేటు ఎంత తక్కువున్నా వెనక్కి తిరగండి. తెల్లకాగితం మీద రిజిస్ట్రేషన్ లేకుండా సాదాబైనామా రాస్తామంటే అస్సలు వద్దు. ఓఆర్ఆర్ బయట కొత్తగా రానున్న రీజినల్ రింగ్ రోడ్ అలైన్‌మెంట్ సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, చౌటుప్పల్ మీదుగా పోతుంది, మీ సర్వే నంబర్ అందులో ఉందా చూస్కోవాలె, పక్కన ఉంటే రేటు పెరుగుతదని బ్రోకర్ సంబరపడుతడు గానీ మీరు ఉండటానికి పోతున్నరు, లారీల చప్పుడు వినటానికి కాదు.

ఐదు గుంటలు, పది గుంటల ఫార్మ్ ప్లాట్లు అని అమ్ముతరు కదా, ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, ఆ లెక్కన గజం ఎంత పడుతుందో చూసి ఎకరం రేటుతో పోల్చండి, కడుపు మండుతది. పైగా అది వ్యవసాయ భూమే, ఇల్లు కట్టాలంటే నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవడం), పంచాయతీ పర్మిషన్ కావాలె. వ్యవసాయ భూమి కొనడానికి హోమ్ లోన్ కూడా రాదు.

టైమింగ్ ఒకటి చెప్పి ఆపుతా. కౌలు మాటలు ఉగాది దగ్గర మొదలై మృగశిర కార్తె, అంటే జూన్ 7, 8 తారీఖుల లోపే తేలిపోతయి, స్కూళ్లు జూన్ 12 దగ్గర తెరుస్తరు. కాబట్టి సంక్రాంతి అయినంక టౌన్ ఫిక్స్ చేస్కొని, మార్చి ఏప్రిల్‌లో ఊర్లు తిరిగి, మే నెలలో బోర్లు చూసి కిరాయి ఇంటికి అడ్వాన్స్ ఇచ్చేయండి, జూన్‌కి పోతే అడ్మిషనూ దొరుకుతది, దుక్కి దున్నడానికి ట్రాక్టరూ దొరుకుతది.