పిల్లల ధ్యాస కథ మధ్యలో చెదిరిపోతోందా: కారణం, పరిష్కారం

సమస్య

పిల్లల కోసం రాసిన కథ పెద్దలకు నచ్చుతుంది. కానీ తరగతిలో చదివి వినిపిస్తే రెండో పేజీకే పిల్లల చూపు కిటికీ వైపు తిరుగుతుంది.

ముందుగా చూడవలసినది

ఈ ఇబ్బందితో నా దగ్గరికి వచ్చే రాతప్రతుల్లో చాలావాటిని రాసినవారు ఒక్కసారైనా పిల్లల ముందు గట్టిగా చదివి ఉండరు. ఇంట్లో పిల్లలకు చదవడం లెక్కలోకి రాదు, వాళ్లు మన ముఖం చూసి వింటారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పరాయి పిల్లలు పదిమందికి చదివి, ఏ వాక్యం దగ్గర వారి ధ్యాస చెదిరిందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. ఈ పని చేయకుండా కథను ఎన్నిసార్లు తిరగరాసినా శ్రమ వృథా.

కఠిన పదాలు, నిడివి అరుదుగా మాత్రమే కారణమవుతాయి. కథ తమను ముందుకు లాగుతుంటే పిల్లలు తెలియని మాటను దాటుకుంటూ పోతారు. నల్లగొండ పిల్లల చేత పాఠ్యపుస్తకపు భాషలో మాట్లాడిస్తే తరగతి నవ్వుతుంది. సంభాషణలు వారి మాటలోకి మారిస్తే సరిపోతుంది.

అసలు కారణం

గీతలు పడిన వాక్యాలను వరుసగా చదివితే తరచుగా ఒకే దోషం బయటపడుతుంది: కథలో ఉన్నది పిల్లవాడే, కానీ చూస్తున్నది తన బాల్యాన్ని తలచుకుంటున్న పెద్దమనిషి. అందమైన వాక్యాలూ, పెద్దలు మెచ్చుకునే వాక్యాలూ అవే కాబట్టి ఈ దోషం సులభంగా దొరకదు.

దీనివల్ల నేనూ దెబ్బతిన్నాను. పాలమూరు గుట్టల్లో దసరా రోజుల్లో సీతాఫలాలకు వెళ్లే పిల్లవాడి కథ రాసి, అక్కడి ఒక ఊరి బడిలో నాలుగో తరగతికి చదివాను. "సాయంత్రపు ఎండ గుట్టలకు బంగారు పూత పూసింది; వాడు చిట్టి చేతులతో కాయను నిమిరాడు" అన్న చోట తరగతి మొత్తం ధ్యాస చెదిరింది. ఒక అమ్మాయి మాత్రం లేచి, "సార్, కాయ కండ్లు తెరిచిందా, లేదా?" అని అడిగింది. పైతోలు మీది గడుల మధ్య సందులు విచ్చుకొని తెల్లబారితే కాయ కండ్లు తెరిచినట్లు. అప్పుడు కోసి గడ్డిలో పెడితే మాగుతుంది, తొందరపడి కోస్తే గట్టిబడి నల్లబడుతుంది. ఆ తరగతికంతా తెలిసిన ఈ సంగతి నా కథలోని పిల్లవాడికి తెలియదు. పైగా ఏ పిల్లవాడూ తన చేతులు చిట్టివని అనుకోడు. ఆ మాట బయట నిలబడి చూసేవారిది.

పరిష్కారం

"చిట్టి", "అమాయకంగా", "ముద్దుగా" వంటి మాటలున్న ప్రతి వాక్యం దగ్గర ఆగి, ఆ క్షణంలో పిల్లవాడికి ఏం కావాలో, వాడి చేతులు ఏం చేస్తున్నాయో రాయాలి. మాటను కొట్టివేసి ఊరుకుంటే దోషం అక్కడే ఉంటుంది. నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగంపై పగలంతా నిలిచే నీడను గురించి రాస్తే శిల్పుల ప్రతిభను వర్ణించవలసిన పని లేదు; పిల్లవాడు ఆ నీడ ఏ స్తంభానిదో వెతుకుతూ ఒక్కో స్తంభం దగ్గరికీ పరుగెత్తాలి.

నా కథలో ఎండను తీసివేశాను. వాడు కాయను గడ్డిలో దాచి, రోజూ బడికి పోయే ముందు బొటనవేలితో నొక్కి చూడడం, మూడోనాడు గడ్డి కింద నల్లటి గింజలే మిగలడం రాశాను. అదే తరగతికి మళ్లీ చదివినప్పుడు ఆ చోట ఆగి ఊపిరి తీసుకునేలోపే, "ఎవలు తిన్నరు సార్?" అని నాలుగైదు గొంతులు ఒకేసారి అడిగాయి.