టెక్సాస్‌కి మారారా? పాత రాష్ట్రానికి స్టేట్ ట్యాక్స్ ఫైల్ చేశారా?

పోయిన వారం ఫ్రిస్కోలో ఉండే ఒక కుర్రాడు నోటీసు ఫొటో పంపాడు. ఎప్పుడో వదిలొచ్చిన రాష్ట్రం నుంచి వచ్చింది. ఆ ఏడాది రిటర్న్ వేయలేదని, వాళ్ల అంచనా ప్రకారం ఇంత పన్ను, దాని మీద పెనాల్టీ, వడ్డీ. జూలైలో మారాడు, ఏప్రిల్‌లో ఫెడరల్ వేశాడు, "టెక్సాస్‌లో స్టేట్ ట్యాక్స్ లేదు కదన్నా" అని అక్కడితో వదిలేశాడు.

ఏటా మనవాళ్లని ముంచుతున్నది ఈ ఒక్క మాటే. అందుకే సీజన్ మొదలవకముందే చెప్తున్నా.

జీతం మీద పన్ను లేని రాష్ట్రాలు 9: టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్, నెవాడా, టెన్నెసీ, న్యూ హాంప్‌షైర్, అలాస్కా, సౌత్ డకోటా, వయోమింగ్. ఏడాదంతా అక్కడే ఉండి, అక్కడే పని చేసి, వేరే రాష్ట్రం నుంచి పైసా రాకపోతేనే మీకు స్టేట్ రిటర్న్ గొడవ ఉండదు. కొన్ని నెలలు న్యూజెర్సీలోనో ఇల్లినాయ్‌లోనో సంపాదించి వచ్చారా, ఆ నెలలకి ఆ రాష్ట్రానికి పార్ట్ ఇయర్ రెసిడెంట్‌గా, అంటే ఏడాదిలో కొంతకాలమే అక్కడ ఉన్నవాళ్లుగా రిటర్న్ వేయాలి.

"జీతంలో ముందే కట్ చేశారుగా" అంటారు. కట్ అవడం వేరు, రిటర్న్ వేయడం వేరు. రిటర్న్ వేస్తే ఆ ఏడాది లెక్క తిరగదోడటానికి రాష్ట్రానికి ఒక గడువు ఉంటుంది. మామూలుగా న్యూయార్క్‌కి 3 ఏళ్లు, కాలిఫోర్నియాకి 4. అసలు వేయకపోతే ఆ గడువు మొదలే కాదు, ఎన్నేళ్ల తర్వాతైనా అడగొచ్చు. రిటర్న్ వేయమని కాలిఫోర్నియా డిమాండ్ నోటీసు పంపాక కూడా ఊరుకుంటే 25 శాతం పెనాల్టీ విడిగా పడుతుంది. మీకే రిఫండ్ రావాల్సి ఉన్నా, గడువు దాటితే అదీ పోతుంది.

డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కట్ అయిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే ఫారం) చేతికి రాగానే అడుగు వరుస చూడండి. 15వ గడిలో రాష్ట్రం పేరు రెండక్షరాల్లో ఉంటుంది, 16లో ఆ రాష్ట్రం కింద చూపిన జీతం, 17లో కట్ చేసిన పన్ను. రెండు రాష్ట్రాలు కనిపిస్తే రెండు రిటర్న్‌లు అనుకోండి. ఒకటే కనిపించినా నమ్మేయకండి. కన్సల్టెన్సీ ఆఫీసు న్యూజెర్సీలో, మీరు పని చేసేది నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో క్లయింట్ దగ్గర. పేరోల్ వాళ్లు ఆఫీసు ఉన్న రాష్ట్రానికే కట్ చేసేస్తారు, ఇలాంటివి చాలా చూశాను. మీరు ఎక్కడ కూర్చుని పని చేశారో ఆ రాష్ట్రం అడుగుతుంది. సరిచేసిన డబ్ల్యూ-2సి ఇమ్మని ఇప్పుడే మెయిల్ పెట్టండి.

ఇల్లు న్యూజెర్సీ ఎడిసన్‌లో, ఆఫీసు న్యూయార్క్ మాన్‌హాటన్‌లో ఉంటే న్యూయార్క్‌కి ఐటీ-203 ఫారం, న్యూజెర్సీకి ఎన్‌జే-1040 ఫారం, రెండూ వేయాలి. న్యూయార్క్‌ది ముందు పూర్తి చేయండి. అక్కడ తేలిన పన్ను తెలియకుండా న్యూజెర్సీలో క్రెడిట్ (అక్కడ కట్టినదానికి ఇక్కడిచ్చే తగ్గింపు) లెక్క కుదరదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల మధ్య మాత్రం జీతాలకి ఒప్పందం ఉంది, ఉంటున్న రాష్ట్రానికే కడితే చాలు. పొరపాటున అవతలి రాష్ట్రానికి కట్ అయితే ఆ డబ్బు వెనక్కి రావడానికి అక్కడా వేయాలి.

ఓపీటీలో (స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసే అనుమతి) ఉన్న పిల్లలూ, ఫెడరల్‌కి నాన్ రెసిడెంట్ల ఫారం 1040-ఎన్ఆర్ వేసినంత మాత్రాన స్టేట్‌కి కూడా నాన్ రెసిడెంట్ అయిపోరు. ఆ లెక్క వేరు.

ఇక మిగిలినవి.

పెన్సిల్వేనియాలో పన్ను పడే ఆదాయం 33 డాలర్లు దాటితే రిటర్న్ వేయాలి. రెండు నెలల జీతమే కదా అని వదలకండి.

కాలిఫోర్నియాలో పని చేస్తుండగా ఇచ్చిన ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఇచ్చే షేర్లు) టెక్సాస్ వచ్చాక వెస్ట్ అయినా, అంటే మీ సొంతమైనా, అక్కడ పని చేసిన రోజుల మేరకు కాలిఫోర్నియాకి పన్ను కట్టాలి.

ఇండియాలో ఎఫ్‌డీ వడ్డీ స్టేట్ రిటర్న్‌లోనూ చూపించాలి. అక్కడ కట్ అయిన టీడీఎస్‌కి కాలిఫోర్నియా క్రెడిట్ ఇవ్వదు.

ఒహాయో, పెన్సిల్వేనియాల్లో చాలా ఊళ్లకి లోకల్ ట్యాక్స్ ఉంది. దాని రిటర్న్ వేరే.

ఎక్స్‌టెన్షన్ (గడువు పొడిగింపు) రిటర్న్ ఫైల్ చేయడానికే, డబ్బు కట్టడానికి కాదు.

సాఫ్ట్‌వేర్ "వేరే రాష్ట్రంలో ఆదాయం ఉందా" అని అడిగితే చదవకుండా నో కొట్టకండి.

లీజు ముగిసిన కాగితం, మూవర్స్ బిల్లు దాచుకోండి. ఏ తేదీన మారారో రుజువు అడుగుతారు.

అడ్రస్ మారిందని పాత రాష్ట్రపు ట్యాక్స్ ఆఫీసుకి చెప్పండి. లేకపోతే నోటీసు పాత అపార్ట్‌మెంట్‌కే పోతుంది, మీకు తెలిసేసరికి జవాబు గడువు దాటిపోతుంది.

సిటిజన్‌షిప్ ఫారం ఎన్-400లో ఫెడరల్, స్టేట్, లోకల్ పన్ను బాకీలు ఉన్నాయా అని అడుగుతారు. ఆ రోజు వెతుక్కోకండి.

పాత రాష్ట్రానికి వేయండి. ఎన్నేళ్ల కిందటిదైనా సరే, నోటీసు రాకముందే, ఆ ఏడాది ఫారంలోనే వేయండి. ఆలస్యమయ్యే కొద్దీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.