క్యాంపస్ పోలీసు విభాగానికి వృత్తిపరమైన గుర్తింపు పొందడం ఎలా

అమెరికా విశ్వవిద్యాలయాల పోలీసు, భద్రతా విభాగాలకు గుర్తింపు ఇచ్చే సంస్థల్లో 1979లో ఏర్పడిన కాలియా, క్యాంపస్ పోలీసు అధికారుల సంఘమైన ఐఏసీఎల్ఈఏ ముఖ్యమైనవి. దరఖాస్తు చేయడానికి ముందే ఈ బాధ్యతను ఒక అధికారికి అప్పగించి, ఆయన మిగతా విధులను తగ్గించాలి. లేకుంటే పని అటకెక్కుతుంది.

తర్వాత గుర్తింపు సంస్థ నిర్దేశించిన ప్రతి ప్రమాణానికీ రెండు ఆధారాలు కూర్చుకోవాలి: విభాగం రాసిపెట్టుకున్న విధానం ఒకటి, సిబ్బంది దాన్ని నిజంగా పాటిస్తున్నారని చూపే రికార్డు మరొకటి. అసలు కష్టమంతా రెండోదానితోనే. సాక్ష్యాల గదినే తీసుకుంటే, స్వాధీనం చేసుకున్న ఫోను ఏ తేదీన, ఏ గంటకు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో రిజిస్టరులో సంతకాలతో సహా ఉండాలి. గదిని ముందస్తు సమాచారం లేకుండా తనిఖీ చేసిన నివేదికలనూ దానికి జతచేయాలి. మదింపు బృందం రావడానికి ముందు మరో విశ్వవిద్యాలయ అధికారులతో నమూనా తనిఖీ చేయించుకోవడం మేలు, ఎందుకంటే సొంత లోపాలు సొంతవాళ్ల కంటికి ఆనవు.

క్యాంపస్ నేరాల వివరాలను బయటపెట్టాలనే అమెరికా చట్టమైన క్లెరీ చట్టం ప్రకారం ఏటా అక్టోబరు 1లోగా ప్రచురించే భద్రతా నివేదిక గుర్తింపుతో నిమిత్తం లేకుండా తప్పనిసరి కాబట్టి, అందులోని లెక్కలు మీ ఫైళ్లతో సరిపోలుతున్నాయో లేదో చూసుకోవాలి. కాలియా గుర్తింపు కాలవ్యవధి 4 ఏళ్లు కనుక, ఆధారాలను ఏటికేడు చేరుస్తూ పోవాలి.