కాల్చే పని లేని ఎనర్జీ బాల్స్: చేసే ముందు జాగ్రత్తలు

ఓట్స్, ఖర్జూరం, నట్స్ కలిపి ఉండలు చుట్టేయడమే కదా అనిపిస్తుంది. కానీ వేడి తగలని వంట ఇది. చేతికి, గిన్నెకు ఏ మురికి ఉన్నా నేరుగా నోట్లోకే వెళ్తుంది.

• ముందు తినేవాళ్లెవరో చూసుకోండి. ఏడాది నిండని పిల్లలకు తేనె ఉన్నవి అస్సలు పెట్టకూడదు, బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు నట్స్ పలుకులు గొంతులో అడ్డం పడతాయి, మెత్తగా పొడి చేసే కలపండి. వేరుశనగ, జీడిపప్పు, నువ్వులు పడనివాళ్లు ఉన్నారేమో అడగండి. ఉంటే వాళ్లకు విడిగా చేయడం ఒక్కటే చాలదు, మిక్సీ జార్, గరిటె కూడా సబ్బుతో శుభ్రంగా కడగాలి.

• చిక్కదనం కోసం పచ్చి గోధుమపిండి, మైదా వేయొద్దు. వాటిలో హానికర బ్యాక్టీరియా ఉండొచ్చు. ఓట్స్ పొడి చాలు.

• నట్స్ ఒకటి కొరికి చూడండి. ముక్కిన వాసన వస్తే మొత్తం పక్కన పెట్టేయండి.

• 'గింజ తీసినవి' అని ప్యాకెట్ మీద రాసి ఉన్నా ప్రతి ఖర్జూరాన్నీ విప్పి చూడాల్సిందే. నేను ఆ మాట నమ్మి మిక్సీ బ్లేడు పాడుచేసుకున్నాను.

• గట్టి ఖర్జూరాన్ని 10 నిమిషాలు వేడినీళ్లలో నానబెట్టొచ్చు, కానీ తడి బాగా తుడవండి. తేమ మిగిలితే త్వరగా బూజు పడుతుంది.

• గాలి చొరని పొడి డబ్బా సిద్ధంగా ఉందా? ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు తినేయండి.

• షుగర్ ఉన్నవాళ్లూ, ఖర్జూరం, తేనె రెండూ తీపే. ఉండ చిన్నగా చుట్టుకోండి.