ఏడాది బిడ్డ తనంతట తాను నిద్రపోవాలంటే: సమస్య, కారణం, పరిష్కారం

రాత్రి రెండు గంటలకు బిడ్డ లేచి ఏడుస్తుంటే, ఆ వేళ ఏం చేయాలన్నదే ఇంట్లో అందరి ప్రశ్న. జవాబు మాత్రం చాలాసార్లు అంతకు ఐదారు గంటల ముందు, తొలి నిద్ర ఎలా పట్టిందన్న దగ్గర దొరుకుతుంది. ఈ వయసు పిల్లల నిద్ర దాదాపు గంటకోసారి తేలికపడి, మళ్లీ గాఢమవుతుంది. తేలికపడినప్పుడల్లా బిడ్డ అటూ ఇటూ కదులుతుంది, ఒక్కోసారి కళ్లు తెరుస్తుంది. ఇది లోపం కాదు, పెద్దవాళ్లకూ ఉన్నదే. అయితే మీ భుజం మీద ఊగుతూ కళ్లు మూసుకున్న బిడ్డ పడక మీద కళ్లు తెరిస్తే, అప్పటిదాకా ఉన్న ఊపు లేదు, వెచ్చదనం లేదు, మీరు లేరు. వాటిని మళ్లీ రప్పించుకోవడానికి తనకు తెలిసిన దారి ఏడుపు ఒక్కటే.

కాబట్టి రాత్రి మెలకువలను ఆపాలని చూడకండి. మెలకువ వచ్చాక తిరిగి నిద్రలోకి జారుకోవడం నేర్పండి. కింద చెప్పిన పనుల్లో ఎక్కువ భాగం సాయంత్రం నుంచి తొలి నిద్ర పట్టేలోపు చేసేవే.

తనంతట తాను నిద్రపోవడమంటే వేరే గదిలో ఒంటరిగా పడుకోవడం అని అర్థం కాదు. మీ గదిలో, మీ పక్కనే ఉన్న పడకలో ఉండి కూడా నేర్చుకోవచ్చు. నిద్రలోకి జారే ఆ చివరి కొద్ది నిమిషాలను ఊపు, పాలు లేకుండా గడపగలిగితే చాలు. తలుపు వేసి, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేదాకా వదిలేసే పద్ధతిని నేను చెప్పబోవడం లేదు. పక్కనే ఉండి, సాయాన్ని కొద్దికొద్దిగా తగ్గించే పద్ధతికి రోజులు ఎక్కువ పడతాయి. ఆ రోజులు వృథా కావని నా నమ్మకం. ఇలా నేర్పితే బిడ్డ మనసుకు ఏమవుతుందోనన్న భయం చాలామంది తల్లులను వెనక్కి లాగుతుంది. ఆస్ట్రేలియాలో ఏడు నెలల వయసులో నిద్ర సమస్య ఉన్న పిల్లల కుటుంబాలకు ఇలాంటి క్రమ పద్ధతులు నేర్పి, ఆ పిల్లలకు ఆరేళ్లు వచ్చాక మళ్లీ పరిశీలించారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల్లో పిల్లల మానసిక ఆరోగ్యానికి గానీ, తల్లిదండ్రులతో ఉన్న అనుబంధానికి గానీ హాని కనిపించలేదు.

జ్వరం, ప్రయాణం, ఇల్లు మారడం, కొత్తగా ఎవరికైనా అప్పగించి పనికి వెళ్లడం వంటివి ఉన్న వారంలో మాత్రం మొదలుపెట్టకండి.

సమస్య: పాలు తాగుతూనే నిద్రపోతుంది, రాత్రంతా పాల కోసమే లేస్తుంది

అందరికీ మొదట తోచే కారణం ఆకలి. ఏడాది నిండి, బరువు సరిగా పెరుగుతూ, పగలు చక్కగా తింటున్న ఆరోగ్యవంతమైన బిడ్డకు సాధారణంగా రాత్రి పాలు ఆకలి కోసం అవసరం ఉండవు. తేడా తెలుసుకోవాలంటే బిడ్డ తాగే తీరు చూడండి. నాలుగు గుక్కలు తాగి నిద్రలోకి జారితే అది నిద్ర కోసం. ఆబగా, మింగుడు చప్పుడు వినిపించేలా చివరిదాకా తాగితే నిజంగానే ఆకలి. అలాంటప్పుడు ముందు పగటి తిండిని సరిచేయాలి. ఇక్కడ ఒక విషవలయం ఉంది: రాత్రి పాలతో కడుపు నిండితే పగలు తిండి తగ్గుతుంది, పగలు తినకపోతే రాత్రి ఆకలేస్తుంది. ఈ వలయాన్ని పగటి వైపు నుంచి తెంచడమే తేలిక.

తల్లిపాలు మాన్పించాల్సిన పని లేదు. రెండేళ్లు, ఆ తర్వాత కూడా ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. విడదీయాల్సింది పాలను, నిద్రను. పాలు చివర ఉంటే ముందుకు జరపండి. ముందు దీపం వెలుగుతున్న గదిలో పాలు, తర్వాత పళ్లు తుడవడం, బట్టలు మార్చడం, ఒక చిన్న బొమ్మల పుస్తకం, రోజూ పాడే అదే జోలపాట, చివరికి చీకటి. పాలకూ పడకకూ మధ్య పది, ఇరవై నిమిషాల ఎడం వస్తే సగం పని అయినట్లే.

అయినా రొమ్ము దగ్గరే కళ్లు మూతలు పడుతుంటే తాగే తీరును గమనించండి. మొదట గుక్క గుక్కకూ దవడ లోతుగా కదులుతుంది, మింగడం వినిపిస్తుంది. కాసేపటికి మింగడం ఆగి, పెదవులు సన్నగా అదురుతున్నట్లు మాత్రమే కదులుతాయి. విడిపించవలసింది అప్పుడే. చిటికెన వేలిని నోటి మూలగా మెల్లగా లోపలికి పోనిస్తే పట్టు సడలుతుంది. బిడ్డ మళ్లీ వెతుక్కుంటే కాస్త ఆగి చూడండి, సద్దుమణగకపోతే ఇవ్వండి, మళ్లీ అదే చోట విడిపించండి. తొలి రాత్రులు ఇది నాలుగైదుసార్లు జరుగుతుంది. విసుగు పుట్టించే పని, కాదనను. రోజులు గడిచేకొద్దీ ఆ వెతుకులాట తగ్గుతుంది.

సీసా పాలైతే రెండు మూడు రాత్రులకోసారి కొద్దికొద్దిగా పరిమాణం తగ్గించుకుంటూ రండి. సీసాను నోట్లో ఉంచి పడుకోబెట్టడం మాత్రం నేటితోనే ఆపేయండి, పాల పళ్లు పుచ్చిపోవడానికి అదొక పెద్ద కారణం.

సమస్య: భుజం మీద నిద్రపోతుంది, పడక మీద పెట్టగానే లేస్తుంది

బిడ్డ చేయి వేలాడేసేదాకా ఎత్తుకుని తిరిగి, తర్వాత దించమని పెద్దవాళ్లు చెబుతారు. ఆ పూటకు అది పనిచేస్తుంది. కానీ గంటకు నిద్ర తేలికపడగానే బిడ్డ తాను వేరే చోట ఉన్నట్లు గుర్తిస్తుంది, మళ్లీ భుజమే కావాలంటుంది. బిడ్డ బాగా మగతగా ఉండి, ఇంకా మేలుకునే ఉన్నప్పుడు పడుకోబెట్టాలి. అక్కడికి ఒక్క రాత్రిలో చేరలేం కాబట్టి మెట్లు మెట్లుగా దిగాలి.

మొదట ఊపుతూ నిద్రపుచ్చే బదులు, ఊపి ఆపి, కదలకుండా ఎత్తుకుని నిద్రపుచ్చండి. అది అలవాటయ్యాక మగత రాగానే పడకలో దించి జోకొట్టండి. దించేటప్పుడు ముందు కాళ్లు, నడుము, చివర తల ఆనితే పడిపోతున్నట్లు ఉలిక్కిపడదు. జోకొట్టడంలోనే చాలా ఉంది. ఏడుపు జోరుగా ఉన్నప్పుడు తట్టడమూ కాస్త గట్టిగా, వేగంగా ఉండాలి. ఏడుపు తగ్గుతుంటే తట్టే వేగమూ తగ్గుతూ రావాలి. చివరికి తట్టడం ఆగి, అరచేయి బరువు మాత్రం ఛాతీ మీదో వీపు మీదో ఉండాలి. కొన్ని రాత్రులకు ఆ బరువునూ తేలిక చేసి, పక్కన పెట్టిన చేయిగా మార్చండి. ఒక్కో మెట్టు దగ్గర మూడు నాలుగు రాత్రులు నిలవండి. ఒక రాత్రి బిడ్డ మరీ తల్లడిల్లితే ఎత్తుకోండి, ఊరడించండి, శాంతించగానే మళ్లీ పడకలో పెట్టండి. ఎత్తుకున్నంత మాత్రాన నేర్పింది చెడిపోదు.

అసలైన ఏడుపునూ నసనూ వేరుచేసి వినడం నేర్చుకోవాలి. నిద్ర ముంచుకొస్తున్న బిడ్డ ‘ఊ ఊ’ అంటూ సన్నగా గొణుగుతుంది, మధ్యలో ఆగుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. ఆ ఆగడమే గుర్తు. అప్పుడు చేయి వేస్తే పట్టబోతున్న నిద్ర చెదురుతుంది. ఆగకుండా స్థాయి పెరుగుతూ పోయే ఏడుపుకు మాత్రం వెంటనే పలకాలి.

సమస్య: దీపం ఆర్పాక గంటసేపు ఆటలే

ఇది మొండితనం కాదు, గడియారం సమస్య. ఒకటి, రెండేళ్ల మధ్య పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. సాయంత్రం ఐదున్నరకు కునుకు తీసి లేచిన బిడ్డను ఏడున్నరకు పడుకోమంటే నిద్ర రాదు. ఈ వయసులో చివరి కునుకు నుంచి లేచాక దాదాపు మూడు, నాలుగు గంటలు మేలుకుని ఉంటేనే రాత్రి నిద్రకు ఒళ్లు సిద్ధమవుతుంది.

ఒక వారం పాటు బిడ్డ నిజంగా ఎన్ని గంటలకు నిద్రపోతోందో రాసి పెట్టుకోండి. తొమ్మిదింటికి అయితే ప్రస్తుతానికి పడక వేళ తొమ్మిదే. పడుకోబెట్టిన కొద్దిసేపటికే నిద్ర పట్టడం మొదలయ్యాక, కొన్ని రోజులకోసారి పదిహేను నిమిషాలు ముందుకు జరపండి. ఉదయం లేపే వేళ మాత్రం మారకూడదు. పడకంటే ఆటస్థలం కాదు, నిద్రపోయే చోటు అన్న సంగతి ఈ పద్ధతిలో బిడ్డకు తొందరగా ఒంటబడుతుంది.

ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన కారణం కూడా ఉండవచ్చు. ఆవులించడం, కళ్లు నులుముకోవడం, చెవి లాక్కోవడం అన్నీ దాటిపోయాక బిడ్డకు ఒక్కసారిగా హుషారు వచ్చి, పరుగులు, కేకలు మొదలవుతాయి. అది అలసట ముదిరిన గుర్తు. ఇలాంటి బిడ్డకు పడక వేళ అరగంట ముందుకు తేవాలి. రోజుకు రెండు కునుకుల నుంచి ఒకటికి మారే దశలో, అంటే సాధారణంగా పదమూడు నుంచి పద్దెనిమిది నెలల మధ్య, ఇది బాగా కనిపిస్తుంది.

పడకకు గంట ముందు నుంచి ఇంట్లో వెలుతురు తగ్గించండి. ఫోను, టీవీ చూపించకండి. ఈ వయసులో అసలే వద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన.

సమస్య: ఒక్క అడుగు దూరం జరిగినా గుక్కపెట్టి ఏడుస్తుంది

అమ్మ కనబడకపోయినా ఎక్కడో ఉందని బిడ్డకు ఇప్పుడు తెలుసు, ఎప్పుడొస్తుందో తెలియదు. ఎడబాటు భయం ఏడాది వయసు చుట్టూ బలంగా ఉంటుంది. ఎదుగుదలలో భాగమే. నిద్రపోయిందనుకుని చప్పుడు లేకుండా జారుకోవడం ఈ భయాన్ని పెంచుతుంది, ఎందుకంటే బిడ్డ ఇక కళ్లు మూయడానికే జంకుతుంది.

పడక పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. కొన్ని రాత్రులు చేయి అందేంత దగ్గర, తర్వాత చేయి అందకుండా గొంతు మాత్రం వినిపించేంత దూరం, తర్వాత గది మధ్య, తర్వాత తలుపు దగ్గర. కూర్చున్నప్పుడు కబుర్లు వద్దు, కళ్లలోకి చూస్తూ నవ్వడం వద్దు. ‘పడుకో కన్నా, అమ్మ ఇక్కడే ఉంది’ అన్న ఒకే మాట, ఒకే స్వరంతో. కుర్చీ జరిపిన రాత్రి ఏడుపు పెరగవచ్చు. మొదటి కొన్ని రాత్రులు పరిస్థితి దిగజారినట్లు అనిపించడమూ మామూలే. పగటిపూట దోబూచులాట బాగా ఆడించండి, గదిలోంచి వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లి, చెప్పినట్టే తిరిగి రండి. వెళ్లినవాళ్లు వస్తారన్న నమ్మకం రాత్రికి పగలే కుదరాలి. ఏడాది దాటింది కాబట్టి చిన్న మెత్తటి బొమ్మ ఒకటి తోడు ఇవ్వవచ్చు. దానికి ఊడివచ్చే గుండీలు, పొడవాటి దారాలు ఉండకూడదు.

సమస్య: పడకలో లేచి నిలబడుతుంది, కూర్చోవడం రాక ఏడుస్తుంది

కొత్తగా నిలబడటం నేర్చుకున్న బిడ్డ చీకట్లో కమ్మీలు పట్టుకుని లేస్తుంది, దిగడం తెలియక అక్కడే చిక్కుకుపోతుంది. పగలు బొమ్మను నేల మీద పెట్టి, పట్టుకుని నిలబడిన చోటి నుంచి మోకాళ్లు వంచి కూర్చోవడం ఆడిస్తూ నేర్పండి. రాత్రి ఒకటి రెండుసార్లు మీరే పడుకోబెట్టి, ఆ తర్వాత పరుపు మీద తట్టి చూపించి ఆగండి. కొద్ది రోజుల ముచ్చటే ఇది.

సమస్య: తెల్లవారకముందే లేచి ఇక పడుకోదు

ఆ వేళకు నిద్ర అవసరం చాలావరకు తీరిపోయి ఉంటుంది కాబట్టి కాస్త వెలుతురు, చిన్న చప్పుడు చాలు. ముందు తెర దళసరిగా ఉందో లేదో చూడండి. లేవగానే పాలో ఆటో దొరుకుతుంటే ఒళ్లు ఆ వేళకే అలవాటు పడుతుంది, ఆ పాలను, ఆటను రోజుకు పది నిమిషాల చొప్పున ఆలస్యం చేస్తూ రండి. పొద్దున్నే వచ్చే తొలి కునుకు మరీ పెందలాడే ఉంటే అదీ కారణమే, ఎందుకంటే రాత్రి నిద్ర ముక్క ఒకటి అక్కడికి వెళ్లిపోతుంది.

సమస్య: రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు మొదటికొస్తుంది

అమ్మ జోకొడుతుంది, నాన్న ఊపుతాడు, అమ్మమ్మ ఏడుపు వినలేక ఎత్తుకుని తిప్పుతుంది. ఎవరిదీ తప్పు కాదు, అందరిదీ ప్రేమే. కానీ బిడ్డకు అర్థమయ్యేది ఒక్కటే: ఎక్కువసేపు ఏడిస్తే ఊపు దొరుకుతుంది. ముందుగా ఇంట్లో అందరూ కూర్చుని ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నామో మాట్లాడుకోండి. పాల వాసనతో ముడిపడిన అలవాటు బలంగా ఉంటే కొన్ని రాత్రులు నాన్నే పడుకోబెట్టడం బాగా పనిచేస్తుంది. పగటి కునుకుల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. రాత్రి అలవాటు కుదిరాక వాటి సంగతి చూడవచ్చు.

సమస్య: రెండు, మూడు వారాలు నిలకడగా చేసినా మార్పు లేదు

అలవాటు కాని కారణం ఏదైనా ఉందేమో చూడాలి. రోజూ గురక పెట్టడం, నోటితో గాలి పీల్చడం, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం ఉంటే ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యులకు చూపించండి. పడుకోబెట్టగానే ఏడుపు ఎక్కువై, నిలువుగా ఎత్తుకుంటే తగ్గుతుంటే చెవినొప్పి కావచ్చు. రాత్రంతా గోక్కోవడం చర్మ సమస్యకు సూచన. అస్తమానం కాళ్లు విదిలిస్తూ, అశాంతిగా పొర్లే బిడ్డలో ఇనుము లోపం ఉందేమో పరీక్ష చేయించాలి. ఆవుపాలు మరీ ఎక్కువ తాగి తిండి తక్కువ తినే పిల్లల్లో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. నిద్ర కోసమని జలుబు మందు, దగ్గు సిరప్ ఎప్పుడూ పోయకండి, ఈ వయసులో అవి ప్రమాదకరం.

దంతాలు వస్తున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు నేర్పడం ఆపేసి, బిడ్డ అడిగినంతసేపు ఎత్తుకోండి. కోలుకున్నాక మళ్లీ మొదటి మెట్టుకు వెళ్లకుండా, ఆపిన చోటికి ఒక మెట్టు వెనక నుంచి మొదలుపెట్టండి. ఒకసారి నేర్చుకున్నది కాబట్టి ఈసారి తక్కువ రాత్రులే పడుతుంది.